ఎక్స్‌రే, స్కాన్, గాయం ఫోటో పంపేముందు: పేషెంట్ ఎవరో బయటపడకుండా ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

"పేరు కొట్టేశాను, ఇక గ్రూపులో పెట్టేయొచ్చు కదా?" విశాఖ కేజీహెచ్‌లో పీజీ చేస్తున్నవాళ్లు, రామ్‌నగర్, మహారాణిపేట ఆస్పత్రుల్లో స్టాఫ్ నర్సులు, డయాగ్నస్టిక్ సెంటర్ల టెక్నీషియన్లు, అందరూ తిప్పి తిప్పి అడుగుతున్నది ఇదే. అప్పుడే పెట్టొద్దు. పేరు తీసేసినంత మాత్రాన మనిషి ఎవరో తెలియకుండా పోదు. ఇంకా ఏం పని ఉంది, ఏది ముందు, ఏది వెనక, ఎక్కడ దొరికిపోతాం అన్నది కింద రాశాను. పేషెంట్ ఇంట్లోవాళ్లకు పనికొచ్చేది తొమ్మిదో భాగంలో ఉంది.

1. ఎందుకు పంపుతున్నారో ముందు తేల్చుకోండి

ఇది తేలకుండా ఎడిటింగ్ మొదలుపెడితే మిగతా పనంతా తప్పుతుంది.

వైద్యం కోసం పంపడం ఒకటి. పాడేరు నుంచి తలకు దెబ్బ తగిలిన మనిషిని రాత్రిపూట విశాఖకు తీసుకొస్తున్నారు, అంబులెన్స్ ఘాట్ దిగేలోపు సీటీని ఇక్కడి న్యూరోసర్జన్‌కి చూపించాలి అనుకోండి. ఇక్కడ పేరు తీసేయకూడదు. పేరు, వయసు, ఐపీ నంబర్ (ఆస్పత్రిలో చేరినప్పుడు ఇచ్చేది), కుడి ఎడమ గుర్తు అన్నీ ఉండాలి, లేకపోతే ఒకరి స్కాన్ చూసి ఇంకొకరి మీద నిర్ణయం తీసుకునే ప్రమాదం ఉంది. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది బొమ్మ వెళ్లే దారి గురించి: చూడాల్సిన డాక్టర్‌కే వెళ్లాలి, ఆస్పత్రి ఇచ్చిన పాక్స్ (స్కాన్ బొమ్మలు దాచి చూపించే కంప్యూటర్ వ్యవస్థ) లాగిన్ ఉంటే దాంట్లోనే వెళ్లాలి, గ్రూపుకి మాత్రం వెళ్లకూడదు.

చదువు కోసం, చర్చ కోసం, ప్రచారం కోసం పంపడం రెండోది. పీజీ క్లాసు, కాన్ఫరెన్స్, జర్నల్, ఇన్‌స్టాగ్రామ్ రీల్, ఆస్పత్రి ఫ్లెక్సీ అన్నీ ఇందులోకే వస్తాయి. ఇక్కడ ఆ మనిషిని గుర్తుపట్టించే ప్రతి ఆనవాలూ పోవాలి, అనుమతి కూడా ఉండాలి.

ఎక్కువమంది తప్పు చేసేది ఈ రెండింటి మధ్య: "అర్జెంట్, ఒపీనియన్ ప్లీజ్" అని వందమంది ఉన్న గ్రూపులో పెట్టడం. ఉద్దేశం వైద్యమే, కాదనను. కానీ అక్కడున్నవాళ్లలో ఆ పేషెంట్‌తో పని ఉన్నది ఒకరిద్దరికే. కాబట్టి గ్రూపు అంటే రెండో రకమే అనుకోండి. గుర్తులన్నీ తీసేసిన బొమ్మ అక్కడ పెట్టి అడగండి, కేసు తీసుకుంటానన్న డాక్టర్‌కి పూర్తి వివరాలు విడిగా పంపండి.

2. పేషెంట్‌ని అడగండి, అర్థమయ్యేలా అడగండి

అడ్మిషన్ రోజు పెట్టించిన సంతకం, ఆపరేషన్ కాగితం మీద సంతకం, ఇవేవీ ఫోటో వాడుకోవడానికి అనుమతి కావు. దీనికి వేరే కాగితం కావాలి.

మన దగ్గర ఇంకో చిక్కుంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి, మన్యం నుంచి వచ్చిన పెద్దవాళ్లను ఏదడిగినా "మీరెలాగంటే అలాగే డాక్టరు బాబూ" అంటారు. అది నమ్మకం, భయం, మర్యాద, మూడూ కలిసిన మాట. దాన్ని అనుమతిగా లెక్క వేసుకోవడం న్యాయం కాదు. వద్దని చెప్పే వీలు వాళ్లకు నిజంగా ఉందా లేదా అన్నదే చూడాలి. అందుకే రౌండ్స్‌లో పదిమంది చుట్టూ నిలబడి ఉండగా అడక్కండి. తర్వాత ఒక్కరే వెళ్లి, కూర్చుని, ఇలా చెప్పండి:

"అమ్మా, మీ కాలి పుండు ఫోటో ఇక్కడ చదువుకునే డాక్టర్లకు పాఠంలో చూపించాలనుకుంటున్నాం. మీ ముఖం, పేరు, ఊరు అందులో ఉండవు. అయినా మిమ్మల్ని బాగా ఎరిగినవాళ్లు చూస్తే గుర్తుపట్టొచ్చేమో, అది కూడా చెబుతున్నాను. మీరు వద్దంటే మీ వైద్యంలో ఏ తేడా రాదు. ఇప్పుడు సరే అని తర్వాత వద్దనుకున్నా చెప్పండి, ఆ రోజు నుంచి వాడం. పుస్తకంలో అచ్చయిపోతే మాత్రం వెనక్కి తీసుకోలేం."

చెప్పడం అయ్యాక "నేను ఏం అడిగానో మీరు ఒకసారి చెప్పండమ్మా" అనండి. ఆవిడ తన మాటల్లో చెప్పగలిగితేనే కాగితం ముందుపెట్టండి. కొరాపుట్, మల్కన్‌గిరి నుంచి వచ్చినవాళ్లకు ఒడియా తెలిసిన స్టాఫ్‌తో చెప్పించండి, పక్క బెడ్ వాళ్లతో వద్దు.

కాగితంలో ఉండాల్సినవి:

- ఏ బొమ్మ, ఏ రోజు తీసింది
- ఎక్కడ చూపిస్తారు: క్లాసు, జర్నల్, సోషల్ మీడియా, ఒక్కోదానికీ విడిగా అవును, కాదు గడులు
- వద్దనుకుంటే ఎవరికి చెప్పాలి, ఏ నంబర్‌కి
- సంతకం, లేదా వేలిముద్ర, వేలిముద్రైతే ఆస్పత్రికి సంబంధం లేని సాక్షి

పద్దెనిమిదేళ్లలోపు పిల్లలైతే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి, పిల్లలకు ఊహ తెలిసిన వయసైతే వాళ్లనీ అడగాలి. స్పృహలో లేనివాళ్ల ఫోటోని చదువు కోసం వాడాలంటే వాళ్లు కోలుకునేదాకా ఆగండి. పాఠం ఎక్కడికీ పోదు.

2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళి ప్రకారం, పేషెంట్ ఎవరో తెలిసిపోయేలా ఉన్న ఫోటోను గానీ కేస్ రిపోర్టును గానీ అనుమతి లేకుండా ప్రచురించడం దుష్ప్రవర్తన. ఎవరో తెలియకపోతే అనుమతి అక్కర్లేదని కూడా అందులోనే ఉంది, చాలామంది పట్టుకునేది ఆ రెండో వాక్యాన్నే. తెలుస్తుందో లేదో మనం అనుకునేదాన్ని బట్టి ఉండదు, చూసేవాళ్లకు ఏం తెలుసో దాన్ని బట్టి ఉంటుంది. అందుకే ఎలాగైనా అడగమంటాను.

3. ఫోటో తీసేటప్పుడే సగం పని అయిపోవాలి

తర్వాత ఎడిట్ చేసి దాచడం కంటే ముందే ఫ్రేమ్‌లోకి రాకుండా చూడటం తేలిక. గాయం, దద్దురు, వాపు ఫోటోలకు వరుస ఇది:

1. ఫోన్‌లో కెమెరా లొకేషన్ ఆపేయండి. ఆండ్రాయిడ్‌లో కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్స్ అని ఉంటుంది. ఐఫోన్‌లో ప్రైవసీ సెట్టింగ్స్‌లో లొకేషన్ సర్వీసెస్‌కి వెళ్లి కెమెరా దగ్గర నెవర్ పెట్టాలి.
2. గూగుల్ ఫోటోస్, ఐక్లౌడ్ బ్యాకప్ ఆపండి. ఇది మర్చిపోతే మీరు తీసిన ఫోటో ఇంట్లో టాబ్‌లో, టీవీలో కూడా కనపడొచ్చు.
3. గాయం చుట్టూ ఆకుపచ్చ డ్రేప్ లేదా ఉతికిన సాదా గుడ్డ పరచండి. బెడ్ నంబర్ బోర్డు, కేస్ షీట్, మందుల చీటీ, చేతి బ్యాండ్, పక్క మంచం ఏవీ కనపడకూడదు.
4. దగ్గరగా, అవసరమైన భాగమే తీయండి. పక్కన స్కేల్ పెట్టండి, కానీ పేషెంట్ స్టిక్కర్ అతికించి ఉన్న స్కేల్ వద్దు.
5. తీశాక అక్కడే జూమ్ చేసి నాలుగు మూలలూ చూడండి. కావాల్సినట్టు లేకపోతే డిలీట్ చేసి మళ్లీ తీయండి, "ఇటీవల తొలగించినవి" ఫోల్డర్‌లోంచి కూడా తీసేయండి.

ముఖం లేదు కదా అని ధీమా పడొద్దు. ముంజేతి మీద పేరు పచ్చబొట్టు మన వైపు ఎంతమందికి ఉంటుందో మీకు తెలుసు. ఉంగరం, తాళిబొట్టు నమూనా, పుట్టుమచ్చ, పాత కుట్ల మచ్చ, వేళ్ల కొనలు దగ్గరగా పడితే వేలిముద్రలు, ఇవన్నీ సొంతవాళ్లు చూస్తే చాలు, పట్టేస్తారు.

4. ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్‌ఐ: కనపడే పేరు, కనపడని పేరు

ఇక్కడే ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి, అందుకే కాస్త విడమర్చి రాస్తున్నాను.

సీడీలో గానీ పాక్స్‌లో గానీ ఉండే ఫైల్‌ని డైకామ్ ఫైల్ అంటారు, స్కాన్ బొమ్మలకు వాడే ప్రామాణిక రకం ఇదే. అందులో బొమ్మతో పాటు హెడర్ అని ఒక భాగం ఉంటుంది. పేషెంట్ పేరు, ఐడీ, పుట్టినతేదీ, ఆస్పత్రి పేరు, పంపిన డాక్టర్ పేరు, స్కాన్ తేదీ, యాక్సెషన్ నంబర్ (ఆ స్కాన్‌కి ఇచ్చిన వరుస నంబర్) అన్నీ అక్కడ గడులు గడులుగా రాసి ఉంటాయి. స్క్రీన్ మీద పేరు కనపడకుండా చేసినా ఈ హెడర్ అలాగే ఉంటుంది. ఫైల్ పంపితే అవతలివాళ్లు ఏ ఉచిత వ్యూయర్‌లో (స్కాన్ బొమ్మలు చూసే సాఫ్ట్‌వేర్‌లో) తెరిచినా మొత్తం చదివేయొచ్చు.

క్లాసుకో, గ్రూపుకో నాలుగు బొమ్మలు చాలు అనుకుంటే డైకామ్ ఫైల్ జోలికే పోకండి. ఇలా చేయండి:

1. వ్యూయర్‌లో ఓవర్‌లే, అంటే మూలల్లో కనపడే అక్షరాలన్నీ ఆపేయండి.
2. కావాల్సిన స్లైస్ (స్కాన్‌లో పొరపొరగా వచ్చే బొమ్మల్లో ఒకటి) తెరిచి, వ్యూయర్‌లోంచే జేపెగ్ లేదా పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేయండి. స్క్రీన్‌ని ఫోన్‌తో ఫోటో తీయడం వద్దు: మానిటర్ అంచున వర్క్‌లిస్ట్‌లోని మిగతా పేషెంట్ల పేర్లు పడతాయి, గాజు మీద గదిలో ఉన్నవాళ్ల ముఖాలు పడతాయి.
3. ఫైల్ పేరు చూడండి. చాలా సాఫ్ట్‌వేర్లు పేషెంట్ పేరునే ఫైల్ పేరుగా పెట్టేస్తాయి. "కేసు 1, బొమ్మ 1" అని మార్చండి.
4. ఎక్స్‌పోర్ట్ అయిన బొమ్మని వేరే కంప్యూటర్‌లో తెరిచి మళ్లీ చూడండి.

రీసెర్చ్‌కో, ఏఐ ప్రాజెక్టుకో పూర్తి సిరీస్, అంటే ఒక స్కాన్ స్లైస్‌లన్నీ కావాలంటే హెడర్ శుభ్రం చేయక తప్పదు. ఉత్తర అమెరికా రేడియాలజీ సంఘం ఆర్‌ఎస్‌ఎన్‌ఏ వాళ్ల సీటీపీ, వేరేవాళ్లు చేసిన డైకామ్‌క్లీనర్ లాంటి ఉచిత సాధనాలు ఉన్నాయి. డైకామ్ ప్రమాణం 15వ భాగంలో ఏ గడిని తీసేయాలి, దేన్ని మార్చాలి అని పట్టికే ఉంది, సాధనంలో ఆ ప్రొఫైల్ ఎంచుకోండి. చేత్తో పేరు గడి ఒక్కటి ఖాళీ చేసి అయిపోయిందనుకోవద్దు. మెషీన్ కంపెనీలు తమ కోసం పెట్టుకునే ప్రైవేట్ ట్యాగ్స్ అనే గడుల్లో కూడా పేరు దాక్కుని ఉండొచ్చు. యూఐడీ (ఆధార్ కాదు, ప్రతి స్కాన్‌కీ విడిగా ఉండేది) అనే పొడుగాటి నంబర్లను కొత్తవాటితో మార్చాలి, అవి ఉంటే మీ పాక్స్‌లో వెతికి అసలు మనిషిని పట్టుకోవచ్చు. తేదీలు పరిశోధనకు అవసరమైతే ఒక పేషెంట్ తేదీలన్నీ ఒకేలెక్కన ముందుకో వెనక్కో జరపండి, అప్పుడు రెండు స్కాన్ల మధ్య ఎన్ని రోజులన్నది చెడదు.

హెడర్ ఎంత బాగా కడిగినా బొమ్మలోనే అచ్చుపడిన అక్షరాలు పోవు. అల్ట్రాసౌండ్‌లో ఇది దాదాపు ఖాయం, పైన పేరు, ఐడీ, సెంటర్ పేరు, టైము బొమ్మలో భాగంగానే ఉంటాయి. సీటీ చివర వచ్చే డోస్ (రేడియేషన్ మోతాదు) పేజీ, స్కాన్ చేసి ఎక్కించిన రిక్వెస్ట్ ఫారం కూడా అంతే. ఆ సిరీస్‌లు అసలు పంపకపోవడమే మేలు, అల్ట్రాసౌండ్ పైన పట్టీ కత్తిరించేయండి.

తల స్కాన్ల సంగతి వేరుగా చెప్పాలి. పలుచటి స్లైస్‌లతో తీసిన సీటీ, ఎంఆర్‌ఐల నుంచి ముఖాన్ని త్రీడీలో మళ్లీ కట్టొచ్చు. అమెరికాలో మేయో క్లినిక్ పరిశోధకులు 2019లో ఇది పరీక్షించి చూస్తే, 84 మంది ఎంఆర్‌ఐల నుంచి కట్టిన ముఖాలను మామూలు ఫేస్ రికగ్నిషన్ సాఫ్ట్‌వేర్ 83 శాతం మంది విషయంలో సరైన ఫోటోతో కలిపేసింది. కాబట్టి పూర్తి తల సిరీస్ బయటికి ఇవ్వాల్సొస్తే డీఫేసింగ్, అంటే ముఖం భాగాన్ని చెరిపేసే సాఫ్ట్‌వేర్ వాడాలి. క్లాసుకి రెండు యాక్సియల్ (అడ్డంగా కోసినట్టుండే) స్లైస్‌లు చూపిస్తే ఈ బెడద లేదు.

పాత ఫిల్మ్‌ని లైట్‌బాక్స్ మీద పెట్టి ఫోటో తీస్తుంటే పేరున్న పట్టీని తెల్లకాగితంతో కప్పి తీయండి. క్యూఆర్ కోడ్ ఉంటే అదీ కప్పండి.

5. కొట్టేసిన పేరు మళ్లీ చదవగలిగితే

ఫోన్ గ్యాలరీలో హైలైటర్ పెన్నుతో నల్లగా రుద్దడం అందరూ చేసే పని. ఆ సిరా సగం పారదర్శకంగా ఉంటుంది, బ్రైట్‌నెస్ పెంచితే కింద అక్షరాలు తేలతాయి. దట్టమైన నల్ల డబ్బా గీయండి, అంతకంటే మేలు ఆ భాగం కత్తిరించేయడం.

మొజాయిక్, బ్లర్ వద్దు. అక్షరాల మీద వేసిన మొజాయిక్‌ని తిరిగి ఊహించి రాబట్టే సాధనాలు ఉన్నాయి.

పవర్‌పాయింట్‌లో క్రాప్ చేసిన భాగం కనపడదు గానీ ఫైల్‌లో అలాగే ఉంటుంది, ఎవరైనా స్లయిడ్ తీసుకుని క్రాప్ లాగితే మొత్తం బయటికొస్తుంది. పిక్చర్ ఫార్మాట్‌లో కంప్రెస్ పిక్చర్స్‌కి వెళ్లి, డిలీట్ క్రాప్డ్ ఏరియాస్ టిక్ చేయండి. లేదా బొమ్మని బయటే కత్తిరించి కొత్త ఫైల్‌గా సేవ్ చేసి పెట్టుకోండి. పీడీఎఫ్ రిపోర్టు మీద నల్ల గడి పెట్టినా కింద అక్షరాలు కాపీ పేస్ట్ చేస్తే వచ్చేస్తాయి, ఆ పేజీని బొమ్మగా మార్చి పంపండి.

కళ్ల మీద నల్ల పట్టీ ఇక మానేయండి. పట్టీ ఉన్నా చుట్టుపక్కలవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ కూడా కళ్లు మూయడం చాలదనే చెబుతోంది. ముఖమే చూపించాల్సిన జబ్బైతే ఆ సంగతి పేషెంట్‌కి చెప్పి, రాతపూర్వకంగా ఒప్పుకుంటే చూపించండి, లేదంటే పూర్తిగా వదిలేయండి.

6. బొమ్మ కింద రాసే నాలుగు ముక్కలు

బొమ్మ అంతా శుభ్రంగా ఉండి, రాతలో దొరికిపోయినవాళ్లు చాలామంది. ఇలా రాశారనుకోండి: "34 ఏళ్ల మత్స్యకారుడు, భీమిలి, మొన్న ఆదివారం బోటు ఇంజన్‌లో చెయ్యి పడింది." పేరు ఎక్కడుంది? లేదు. కానీ ఆ తీరంలో ఎవరిని అడిగినా ఇల్లు చూపిస్తారు. అదే "30లలో ఉన్న పురుషుడు, యంత్రంలో పడి చేతికి గాయం" అంటే వైద్యపరంగా పోయేదేమీ లేదు.

వయసు కచ్చితంగా కాకుండా దశకంలో చెప్పండి. ఊరు, వృత్తి, కులం, తేదీ, వార్డు పేరు, యూనిట్ చీఫ్ పేరు, పేపర్లో వచ్చిన ప్రమాదం ప్రస్తావన, ఇవి తీసేయండి. వృత్తికీ జబ్బుకీ సంబంధం ఉంటేనే వృత్తి ఉంచండి. అరుదైన జబ్బైతే ఇంకా తగ్గించాలి, జిల్లాలో ఒక్కరికే ఉన్న జబ్బు పేరే ఆ మనిషి చిరునామా అవుతుంది.

7. వాట్సాప్ తప్పకపోతే

వాడొద్దని చెప్పడం తేలికే, అర్ధరాత్రి డ్యూటీలో వేరే దారి లేనప్పుడు వాడతారు. అప్పుడు ఇవి చూసుకోండి:

- చాట్స్ సెట్టింగ్స్‌లో మీడియా విజిబిలిటీ ఆఫ్. ఐఫోన్‌లో సేవ్ టు ఫోటోస్ ఆఫ్.
- చాట్ బ్యాకప్ పెట్టుకుంటే ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ ఆన్.
- ఫోటోని డాక్యుమెంట్‌గా పంపొద్దు, లొకేషన్ లాంటి దాగున్న వివరాలు దాంతోపాటే వెళ్తాయి.
- బొమ్మతో పాటు పేరు, ఐపీ నంబర్ రాయొద్దు. బొమ్మ పంపి, పేరు ఫోన్‌లో చెప్పి సరిచూసుకోండి.
- వ్యూ వన్స్ కొంత నయం, కానీ ఇంకో ఫోన్‌తో ఫోటో తీస్తే ఆపలేదు.
- లాక్ స్క్రీన్ మీద మెసేజ్ ప్రివ్యూ ఆఫ్, వాట్సాప్ వెబ్‌లో నర్సింగ్ స్టేషన్ కంప్యూటర్ లాగౌట్.
- పని అయ్యాక కేస్ షీట్‌కి ఎక్కించి ఫోన్‌లోంచి తీసేయండి.

పంపేముందు పైన ఏ పేరు ఉందో ఒకసారి చదవండి. కాలనీ గ్రూపుకి వెళ్లిపోయిన ఎక్స్‌రేలన్నీ ఈ ఒక్క క్షణం ఆగకపోవడం వల్ల వెళ్లినవే.

8. చేయి వేయకూడని కేసులు

కొన్నింటికి చట్టం ఇంకా గట్టిగా ఉంది. లైంగిక దాడి బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం, పిల్లలైతే పోక్సో చట్టం 23వ సెక్షన్ కూడా వర్తిస్తుంది. హెచ్‌ఐవీ ఉందన్న సంగతిని 2017 చట్టం కాపాడుతుంది. మానసిక ఆరోగ్య చట్టం, 2017 ప్రకారం చికిత్సలో ఉన్నవారి ఫోటోని వాళ్ల అనుమతి లేకుండా మీడియాకి ఇవ్వకూడదు. మెడికో లీగల్ కేసుల (పోలీసులకు సంబంధం ఉన్న కేసుల) ఫోటోలు రికార్డులోనే ఉండాలి, మీ ఫోన్‌లో కాదు.

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల తర్వాత అమల్లోకి వచ్చేలా పెట్టారు. డేటాకి తగిన భద్రత కల్పించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. చిన్న స్కానింగ్ సెంటర్లు కూడా ఇప్పటి నుంచే రిజిస్టర్, అనుమతి కాగితాలు సర్దుకోవడం మంచిది.

9. పేషెంట్ ఇంట్లోవాళ్లకు

స్కాన్ అయ్యాక ఎస్ఎంఎస్‌లో వచ్చే లింకు, ఫిల్మ్ కవర్ మీద క్యూఆర్ కోడ్ ఇంటి తాళంచెవి లాంటివి, చాలా సెంటర్లలో ఆ లింకు ఎవరి దగ్గరుంటే వాళ్లకు రిపోర్టు మొత్తం తెరుచుకుంటుంది. బంధువుల గ్రూపులో పెట్టకండి. బావగారి స్నేహితుడు డాక్టరైతే ఆయన ఒక్కరికే పంపండి. సాయం కోసం విరాళాలు అడిగే పోస్టుల్లో కేస్ షీట్, ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు పూర్తిగా పెట్టేస్తున్నారు. నంబర్లు, చిరునామా కప్పి పెట్టినా సాయం చేసేవాళ్లు చేస్తారు. ఐసీయూలో ఉన్న మనిషి ఫోటో పెట్టేముందు, లేచాక ఆయన అది చూస్తే ఒప్పుకుంటారా అని ఆలోచించండి. మీ ఫోటో ఎవరైనా తీస్తుంటే "ఎందుకండీ, ఎవరికి చూపిస్తారు?" అని అడిగే హక్కు మీకుంది, వద్దని చెప్పే హక్కూ ఉంది.

10. పొరపాటున వెళ్లిపోతే, మొదటి గంటలో

1. ముందు స్క్రీన్‌షాట్ తీసి, ఎవరెవరు చూశారో నోట్ చేసుకోండి, ఇది నిమిషంలో అవ్వాలి. వెంటనే డిలీట్ ఫర్ ఎవ్రీవన్ నొక్కండి. రెండు రోజుల దాకా అవకాశం ఉంటుంది, కానీ ఈలోపు సేవ్ చేసుకున్నవాళ్ల దగ్గర కాపీ ఉండిపోతుంది.
2. ఆ స్క్రీన్‌షాట్ ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి, రిపోర్టు చేశాక తీసేయండి.
3. గ్రూపులో "పొరపాటున వచ్చింది, సేవ్ అయి ఉంటే తీసేయండి" అని రాయండి. పేషెంట్ పేరు మళ్లీ రాయొద్దు.
4. సూపరింటెండెంట్‌కో, ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్)కో, ప్రైవేటైతే మెడికల్ రికార్డ్స్ ఇన్‌చార్జికో ఆ రోజే రాతపూర్వకంగా చెప్పండి. దాచిపెడితే తర్వాత పేషెంట్ ద్వారా బయటపడుతుంది, అది అందరికీ కష్టం.
5. పేషెంట్‌కి ఏం వెళ్లింది, ఎవరికి వెళ్లింది, ఏం చేశారు అన్నది ముఖాముఖి చెప్పండి. వార్డులో అందరి ముందూ కాదు.
6. తేదీ, టైము, తీసుకున్న చర్య రిజిస్టర్‌లో రాయండి. అదే దారిలో రెండోసారి జరగకుండా ఆ గ్రూపు సెట్టింగ్‌ని అదే రోజు మార్చండి: కొత్తవాళ్లను చేర్చే అధికారం అడ్మిన్‌కే ఉంచి, ట్రాన్స్‌ఫర్ అయి వెళ్లిపోయినవాళ్లను, కోర్సు అయిపోయిన హౌస్ సర్జన్లను తీసేయండి.